గల్లా దగ్గర ఒక్కటే కుర్చీ

మా బేకరీలో కుర్చీ ఒక్కటే ఉండేది. గల్లా వెనక వేసిన ఆ కుర్చీలో ముప్పై ఒక్క ఏళ్లు నేనే కూర్చున్నాను. నెత్తి మీద ఫ్యాను, ముందర పైసల డ్రాయరు, చేతికందే దూరంలో చాయ్ గ్లాసు. కరీంనగర్ మొత్తంలో అంతకంటే సుఖమైన సీటు ఇంకొకటి లేదని నా నమ్మకం. రిటైరై ఇంటికొచ్చాక మా ఆవిడ నాకు కేటాయించిన ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు కుంటి. ఇది అందులోనే కూర్చుని, జాగ్రత్తగా ఒక పక్కకు ఒరిగి రాస్తున్నాను.

మీరు చిన్నవాళ్లు. ఫోన్‌లో కొత్తదేదైనా కనిపిస్తే పొద్దున నేర్చుకుని సాయంత్రానికి నలుగురికి నేర్పేస్తారు. నేనూ ఒకసారి ఆ పని చేశాను. అది కూడా రిటైర్మెంటుకు రెండు నెలల ముందు, నోరు మూసుకుని చాయ్ తాగుతూ రోజులు లెక్కపెట్టుకోవాల్సిన సమయంలో. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, చెప్పకపోతే మీరూ అదే గుంతలో పడతారు.

ముందు మా బేకరీ సంగతి వినండి. బ్రెడ్డు, బన్ను, కేకు అందరూ అమ్ముతారు, మేమూ అమ్మేవాళ్లం. మా పేరు నిలబడింది మాత్రం ఇంటి బిస్కెట్ల మీద. జనం తమ మైదా, తమ చక్కెర, తమ నెయ్యి, తమ డబ్బా తామే తెచ్చుకుంటారు. మా ఉస్తాద్ వాళ్ల కళ్ల ముందే కలిపి, ఒత్తి, కట్టెల భట్టిలో కాల్చి, డబ్బా నింపి ఇస్తాడు. మేం తీసుకునేది కూలి మాత్రమే. రంజాన్ ముందర ముస్లింల ఇళ్ల వాళ్లు, క్రిస్మస్ ముందర మా చర్చిల వాళ్లు, పెళ్లిళ్ల సీజన్లో అందరూ వచ్చేవాళ్లు. తన నెయ్యి ఎక్కడ పక్కామె పిండిలో పడుతుందోనని ప్రతి ఆడమనిషీ భట్టి దగ్గర నిలబడి ఉస్తాద్ చేతుల వంకే చూస్తుండేది. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఆ ఉస్తాద్‌కు ఓపిక తక్కువ. ఒకసారి విసిగిపోయి, "మీ నెయ్యి నేనేమన్న తాగుతనా అవ్వా?" అని అరిచాడు. "ఏమో బిడ్డా, నీ పొట్ట సూస్తె అనుమానమే అయితుంది" అంది ఒక ముసలమ్మ.

భట్టి ఒక్కటి, జనం వందలు. అందుకని వంతులు. ఆ వంతులన్నీ చూసేది ఒక్క మనిషి. ఆమెను నేను చెల్లె అనేవాణ్ణి, ఆమె నన్ను అన్నా అనేది. ఎవరు ముందొచ్చారు, ఎవరి పిండి ఎంత, ఎవరి గిన్నె ఏది, ఎవరి ఊరి బస్సు ఎన్ని గంటలకు, అన్నీ ఆమె తలలోనే ఉండేవి. పుస్తకం లేదు, చిట్టీ లేదు. గల్లాకు ఇవతల, భట్టి తలుపు పక్కన నిలబడి పొద్దున్నుంచి పొద్దుమూకే దాకా పిలుస్తూనే ఉండేది. అలా ఇరవై రెండేళ్లు నిలబడింది. మోకాళ్లు మరీ పట్టేస్తే రెండు నిమిషాలు మైదా బస్తాకు ఒరిగేది.

"అన్నా, నువ్వు రిటైరైనంక గా కుర్సీల నేను కూసుంట. ఇప్పుడే చెప్తున్న, ఇంకెవ్వలకు మాటియ్యకు" అనేది ఏడాదికి ఒకసారైనా.

"నీది గాక ఇంకెవలది చెల్లె" అనేవాణ్ణి నేను, మహారాజు జాగీరు రాసిచ్చినట్టు. పోయేటప్పుడు వదిలేసి పోయే కుర్చీయే కదా, ఇచ్చేయడానికి నాకేం పోయింది.

ఆ ఏడు దసరా దాటాక గల్లా దగ్గరి ఫోన్ నన్ను కాల్చుకు తినడం మొదలుపెట్టింది. అంతకుముందు జనం నేరుగా వచ్చి అడిగేవాళ్లు. ఇప్పుడు అందరూ మెసేజ్‌లే. "అన్నా వంతు ఉన్నదా", "రెండు కిలోలకు ఎంత", "రేపు రావచ్చునా", మధ్యమధ్యలో శుభోదయం పూలు. ఒకరికి జవాబు కొట్టేలోపు ఏడుగురు కొత్తగా అడిగేవాళ్లు. నా బొటనవేలు వాచిపోయింది. అప్పుడు ఎవరో ఒక వీడియో పంపారు. కోడ్ రాయకుండానే ఫోన్‌తో పని చేయించుకోవచ్చట.

సంగతి ఏమిటంటే, ఒక పక్క మెసేజ్‌ల యాప్, ఇంకో పక్క పైసలు పడే యాప్. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మధ్యలో మూడో వెబ్‌సైట్ ఒకటి మధ్యవర్తిగా కూర్చుంటుంది. దాంట్లో మనం తెర మీద గడులు పెట్టి, గడికీ గడికీ మధ్య గీత లాగాలి. ఇది జరిగితే అది చెయ్యి, అంతే. కస్టమరు "బిస్కెట్" అని పంపితే "ఎన్ని కిలోలు?" అని ఫోనే అడుగుతుంది. చెప్పగానే పైసలు కట్టే లింకు పోతుంది. పైసలు పడగానే "ముట్టాయి. మీ వంతు ఫలానా రోజు ఫలానా గంటకు" అని జవాబు పోతుంది. మూడు ఆదివారాలు చర్చి నుంచి రాగానే కూర్చుని గీతలు లాగాను. మా బాపు కాగజ్‌నగర్ పేపర్ మిల్లులో ముప్పై ఏళ్లు మిషన్ మీద పనిచేసినవాడు. ఆయన కొడుకును, నాకా చేతకానిది అనుకున్నాను. మా ఆవిడ ఫోన్ నుంచి ప్రయత్నిస్తే పని చేసింది. ఆ రోజు అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

సోమవారం పొద్దున్నే సేట్‌కు చూపించాను. సేట్ అంటే మా యజమాని. మంచివాడే, కానీ చిల్లుపడ్డ జల్లెడ మార్చడానికి ఆరు నెలలు ఆలోచించే మనిషి. కళ్లద్దాలు పైకి కిందికి జరుపుకుంటూ మొత్తం చూశాడు.

"దీనికి జీతమెంత?"

"జీతం లేదు సేట్. నెలకు జరంత కిరాయి. ఒక మనిషి పని చేస్తది" అన్నాను ఛాతీ విరిచి.

ఆ ఆఖరి మాట అనకుండా ఉంటే ఈ కథే లేదు.

"ఒక మనిషి పనా?" సేట్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే బహుత్ అచ్ఛా. నువ్వు డిసెంబర్ ఆఖర్ల పోతున్నవ్. గల్లా మీద నేను కూసుంట. వంతులు గీ ఫోన్ ఇస్తది. ఇగ గామెకు జనవరి సంది రావద్దని చెప్పు. నువ్వే చెప్పు, నీ మాటైతే ఇంటది."

చేతిలో ఉన్న బన్ను ముక్క నోట్లో పెట్టుకున్నాను. కాదు సేట్, ఆమెకు ఆ కుర్చీ ఇస్తానని మాటిచ్చాను అనాలి. అనలేదు. "సరే సేట్" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ మాటే అని అలవాటు, అదే వచ్చేసింది.

ఇక రోజూ చెప్పాలనుకోవడం, చెప్పకపోవడం. పొద్దున చెబితే పని మీద మనసుండదని ఆగేవాణ్ణి. మధ్యాహ్నం చెబితే అన్నం సహించదని ఆగేవాణ్ణి. సాయంత్రం చెబితే అంత దూరం ఏడుస్తూ నడిచిపోతుందని ఆగేవాణ్ణి. నా అంత దయగల మనిషి లేడని నాకు నేనే చెప్పుకుని ఇంటికి పోయేవాణ్ణి. పిరికితనానికి ఎన్ని మంచి పేర్లు ఉంటాయో ఆ నవంబరులో తెలిసింది.

ఆమె మాత్రం ఏమీ తెలియనట్టు నా పక్కన నిలబడి ఆ గడులనూ గీతలనూ శ్రద్ధగా చూసేది. చూసి ఒక ప్రశ్న వేసింది.

"అన్నా, మనోళ్లు పైసలు పంపేముంగట రూపాయి పంపి సూస్తరు గదా. గప్పుడెట్ల?"

"ఎట్లేంది? రూపాయి పంపుతరు, తర్వాత మొత్తం పంపుతరు" అన్నాను. లింకులో ఎంత కట్టాలో నేనే నింపి పెట్టాలని అప్పటికి నాకు తెలియదు. ఖాళీగా వదిలేశాను.

నాలుగోరోజు ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ ఐదు కిలోల మైదాతో దిగాడు. ఫోన్ తీసి చూపించాడు. నిజమే, ఆయన రూపాయి పంపాడు, మా ఫోన్ "పైసలు ముట్టాయి, ధన్యవాదాలు, రండి" అంది. "సరైన నంబరా కాదా అని రూపాయి పంపిన. మీరు సాలన్నరు. పండుగ ఆఫర్ కావచ్చనుకున్న" అన్నాడాయన. జీవితమంతా క్రమశిక్షణ నేర్పిన మనిషి, మిగతా పైసలు రాబట్టడానికి నాకు గంట పట్టింది. పది రూపాయల కంటే తక్కువ వస్తే పట్టించుకోకు అని ఇంకో గడి పెట్టాను. చెల్లె నవ్వు ఆపుకోవడానికి బ్రెడ్డు ప్యాకెట్ల వైపు తిరిగింది.

రెండో ప్రశ్న డిసెంబరు మొదట్లో వేసింది. "అన్నా, పైసలు ఎవల ఫోన్ల కెల్లి వస్తె ఆళ్లవే బిస్కెట్లు అనుకుంటదా గిది?"

"మరి? ఒక నంబరు, ఒక మనిషి. అదే పాత నంబరు మళ్లొస్తె, పాతది కొట్టేసి కొత్తది రాసుకుంటది. ఎంత తెలివి సూడు" అన్నాను.

"ఎవల పైసలు ఆళ్లే పంపుకుంటరా మన కాడ?" అంది. గొణిగినట్టే అంది గానీ, నాకు వినిపించింది. చేతికున్న పిండి దులుపుకుంటూ పోయింది. నేను పట్టించుకోలేదు. అప్పటికి ఫోన్ టింగు టింగుమంటూ పైసలు తెస్తోంది, నేను చాయ్ తాగుతున్నాను.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు పొద్దున తొమ్మిదింటికి మా దుకాణం ముందు ఒక డీసీఎం వ్యాను ఆగింది. వెనక తలుపు తీయగానే ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్లు దిగడం మొదలైంది. ఒక్కొక్కరి చేతిలో మైదా సంచి, నెత్తి మీద స్టీలు డబ్బా, చంకలో నెయ్యి గిన్నె. నేను లెక్కపెడుతూ పోయాను. ఇరవై ఏడు దగ్గర ఆగింది. అందరికంటే చివర ముందు సీటులోంచి ఒక ఆటోడ్రైవర్ దిగాడు, పెళ్లి పెద్దలా.

ఆయనది హుస్నాబాద్ పక్కన ఒక పల్లె. ఆ ఊరి చర్చి సంఘంలో ఫోన్‌తో పైసలు కట్టడం సరిగ్గా వచ్చింది ఆయన ఒక్కడికే. కరెంటు బిల్లు, గ్యాస్ బండ, కాలేజీ ఫీజు, ఊరందరివీ ఆయన ఫోన్ నుంచే పోతాయి. వాళ్లు చేతిలో నోట్లు పెడతారు, ఆయన ఫోన్‌లో నొక్కుతాడు. బిస్కెట్లకూ అలాగే నొక్కాడు. ఇరవై ఏడు సార్లు.

"అందరికి ఒక్కటే టైం ఇచ్చిండ్రు అన్నా, తొమ్మిది గంటలు. మస్తు మంచిగైంది. నా ఆటో సరిపోదని బండి మాట్లాడుకొని వచ్చినం" అన్నాడు సంతోషంగా.

తెర మీద చూశాను. ఇరవై ఏడు ఇళ్లు లేవు. ఒక నంబరు, ఒక మనిషి, రెండు కిలోలు. కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాన్ని కొట్టేసి, ఆఖరున వచ్చిన ముసలమ్మ రెండు కిలోలు మాత్రం నిలబెట్టుకుంది నా తెలివైన మిషన్. బయట వ్యాను పక్కనే ఎనభై కిలోల పిండి. తొమ్మిదిన్నరకు, పదికి, పదిన్నరకు వంతులిచ్చిన టౌన్ వాళ్లు అప్పటికే సంచులతో వస్తున్నారు.

అక్కడితో చెల్లెను పిలిచి ఉంటే అయిపోయేది. కానీ నాకు రోషం వచ్చింది. నేను చేసింది నేనే బాగుచేస్తా అనుకున్నాను. నంబరును బట్టి కాదు, ఎన్నిసార్లు పైసలు పడితే అన్ని వంతులు అని గీత మార్చాను. మరి పోయిన ఇరవై ఆరూ తిరిగి రావాలంటే ఎలా? పక్కనే ఒక బటన్ ఉంది, పాతవన్నీ మళ్లీ నడిపించమని. దేవుడే పెట్టించాడనుకున్నాను. నొక్కాను.

పాతవన్నీ అంటే ఆ ఇరవై ఏడే అనుకున్నాను నేను. అది నవంబరు మొదటి రోజు నుంచి అనుకుంది. ఇంకో సంగతి. ఆఖరి రోజులు కదా అని ముందురోజే ఆ మెసేజ్‌ను మార్చి పెట్టాను, "మీ పైసలు ముట్టాయి. మీ వంతు ఈరోజే. పిండి తీసుకొని వెంటనే రండి" అని.

ముందు ఆటోడ్రైవర్ ఫోన్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. "అన్నా, నా ఫోన్ల పేలాలు వేగుతున్నయి" అన్నాడు దాన్ని దూరంగా పట్టుకుని. ఆ తర్వాత గల్లా మీది ఫోన్ మొదలుపెట్టింది. మంథని నుంచి ఒక పెద్దమనిషి. కూతురి పెళ్లికి మా దగ్గరే బిస్కెట్లు చేయించుకుపోయాడు. "ఏమయ్యా, పెండ్లయి పదిహేను దినాలాయె. మళ్ల పైసలు ముట్టినయంటరు, మళ్ల పిండి తెమ్మంటరు. ఇంకో పెండ్లి చెయ్యాల్నా ఏంది?" అని కోపంగా అడిగాడు. జవాబు చెప్పేలోపు దుకాణం ముందు స్కూటర్లు ఆగడం మొదలైంది. డబ్బాలు తీసుకుపోయి సగం తినేసిన వాళ్లు కూడా వచ్చారు. హెడ్‌మాస్టర్ మళ్లీ ఐదు కిలోలతో వచ్చాడు. "పిలిచిండ్రు, వచ్చిన" అన్నాడు, ఇంకోసారి ఆఫర్ ఉంటుందేమోనన్న ఆశ మొహంలో కనిపిస్తూనే ఉంది.

పదకొండు దాటేసరికి రోడ్డు బందయింది. ఉస్తాద్ భట్టి తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు. "ఒక్కళ్లను పంపుండ్రి, లేకుంటే నేను ఆదిలాబాద్ బస్సెక్కుత" అని లోపలి నుంచే కేక.

మధ్యాహ్నం నమాజుకు పోయి వచ్చిన సేట్ జనాన్ని చూసి మూలమలుపు దగ్గరే ఆగిపోయాడు. గుండె పట్టుకుని, "యా అల్లా, ఎవలు పోయిండ్రు?" అని అడిగాడట పాన్‌డబ్బా వాణ్ణి. ఎవరూ పోలేదని తెలిశాక కోపంతో వచ్చాడు. "ఏందయ్యా గిది? నీ మిషిన్ పాగల్ అయిందా?"

ఏదో ఒకటి చేయాలి కదా అని, వరసగా పెట్టిన డబ్బాల మీద చెక్కిన పేర్లు చూసి పిలవడం మొదలుపెట్టాను. స్టీలు సామాన్ల మీద పేర్లుంటాయి కదా. మొదటి పేరు మూడుసార్లు గట్టిగా అరిచాను. చివరికి ఒక ముసలమ్మ దగ్గరికొచ్చి, "గది మా మేనమామ పేరు బిడ్డా. నా పెండ్లికి గా డబ్బా పెట్టిండు. గాయిన పోయి ఇరవై ఏండ్లాయె, ఎంత ఒర్రినా రాడు" అంది. రెండో డబ్బా మీద పేరు ఒక యువజన సంఘానిది. మూడోదాన్ని చదవలేదు.

అప్పుడు భుజం మీద చెయ్యి పడింది. చెల్లె. "జరుగు అన్నా."

లేచాను. ఆమె కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. కొంగు నడుముకు చెక్కి, గల్లా పట్టుకుని, నొప్పుల మోకాళ్లతోనే ఆ కుర్చీ ఎక్కి దాని మీద నిలబడింది. ఇరవై రెండేళ్లు కూర్చోవాలనుకున్న కుర్చీ మీద ఆమె మొదటిసారి కాలు పెట్టింది నిలబడడానికే. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భట్టి పొగ అని ఎవరికీ చెప్పలేదు గానీ, అదే అనుకుని ఉంటారు.

"ఇనుండ్రి!" అంది. అంత జనం సద్దుమణిగింది. "బిస్కెట్లు తీస్కపోయినంక మల్లొచ్చినోళ్లు ఎవలెవలు? చేతులెత్తుండ్రి. ఆఁ. మా అన్న వారం దినాల్ల రిటైరైతుండు. మిమ్ముల అందర్ని ఒక్కసారి సూడాలన్నడు, పిలిచినం. సూసిండు. ఇగ పోండ్రి."

నవ్వులు లేచాయి. సగం జనం నాకు చేతులూపి, దీవించి వెళ్లిపోయారు. హెడ్‌మాస్టర్ నా చేయి పట్టుకుని "ఆరోగ్యం జాగ్రత్త" అని చెప్పి, మైదా మోసుకుని పోయాడు. నేను దండాలు పెడుతూ నిలబడ్డాను, ఇంకేం చేయను.

తర్వాత టౌన్ వాళ్ల వైపు తిరిగింది. "మీ ఇండ్లు దగ్గెర. పిండి గీడ పెట్టి పోండ్రి, రేపు పొద్దుగాల డబ్బలు తీస్కపోండ్రి. నీ గిన్నె నీలిది, నీ సంచికి ఎర్ర దారం, నీది మూత సొట్ట. యాదికున్నయి, పోండ్రి." ఒక్కరు కూడా చిట్టీ అడగలేదు.

మిగిలింది ఇరవై ఏడు ఇళ్లు. "ఇరవై ఏడు సార్లు కలిపితె పండుగ దాటుతది. నెయ్యోళ్లయి ఒక్కతాన, డాల్డోళ్లయి ఒక్కతాన కలిపి, కాల్చినంక కిలోలు జోకి పంచుత. నెయ్యి తెచ్చినోళ్లు గిటు, డాల్డా తెచ్చినోళ్లు గటు నిలవడుండ్రి" అంది.

ఇరవై ఏడుగురూ నెయ్యి వైపే నిలబడ్డారు. డాల్డా వైపు ఒక్క పురుగు లేదు. పక్కింటామె చూస్తుండగా నాది డాల్డా అని ఏ ఆడమనిషి ఒప్పుకుంటుంది! చెల్లె కుర్చీ దిగి, ఒక్కో గిన్నె మూత తీసి వాసన చూసి, "అక్కా, నీది గీడ పెడుత, గాడ జాగ లేదు" అని మెల్లగా పక్కకు జరిపింది. తొమ్మిది గిన్నెలు జరిగాయి. ఆ తొమ్మిదిమందిలో ఒకామె చెల్లె చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది, అంతే.

ఉస్తాద్ తలుపు తీశాడు. రెండు పెద్ద బేసిన్లలో పిండి కలిసింది. పొద్దుమూకే వేళకు ఇరవై ఏడు డబ్బాలూ నిండి వ్యాను ఎక్కాయి. ఆటోడ్రైవర్ పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచి, "అన్నా, వచ్చే ఏడు ఫోన్ల కట్టాల్నా, గా అక్కకు ఫోన్ చెయ్యాల్నా?" అని అడిగాడు. ఆ ప్రశ్న వినపడేంత దగ్గర్లోనే ఉన్నాడు సేట్.

ఇక అప్పుడు ఆపుకోలేకపోయాను. "సేట్, ఒక మనిషి పని చేస్తదని చెప్పిన గదా. తప్పు చెప్పిన. గది నా పని చేస్తది. పైసలు తీస్కునుడు, మెసేజ్‌కు జవాబిచ్చుడు, గంతే. ఆమె పని దానితోని కాదు. జనవరి సంది ఆమెను రావద్దని నేను చెప్పలే, చెప్పను గూడ."

అన్న తర్వాత గుర్తొచ్చింది, చెల్లె పక్కనే ఉందని. తల దించుకున్నాను.

"నాకెప్పుడో ఎర్కే అన్నా" అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ. "సేట్ నీకు చెప్పేటప్పుడు ఉస్తాద్ ఇన్నడు. ఉస్తాద్ ఇన్నంక ఊరంత ఇన్నట్టే. నువ్వెప్పుడు చెప్తవో సూద్దామని నెలన్నర సంది సూస్తున్న. రోజు నోరు తెరుస్తవు, బన్ను తింటవు."

"తెలిసి గూడ మధ్యాహ్నం ఎందుకెక్కినవ్ కుర్సీ? ఊకుంటే మిషన్ సంగతి గాడనే తేలిపోతుండె గదా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "గాళ్లు పండుగకని వచ్చిండ్రు అన్నా. నీతోని నాతోని గాళ్లకేం పని?"

సేట్ ట్రేలో మిగిలిన విరిగిన బిస్కెట్ ఒకటి తీసుకుని నమిలాడు. నమిలి, "ఏమ్మా, కుర్సీ కావాల్నా నీకు?" అన్నాడు.

"కూసునే కుర్సీ అయితె కావాలె సేట్. ఎక్కి నిలవడే కుర్సీ అయితె వద్దు."

సేట్ పకపకా నవ్వాడు. అంతలోనే తేరుకుని, కుర్చీతో జీతం పెరగదని గట్టిగా చెప్పాడు. అది ఏప్రిల్‌లో పెరిగింది. ఆమె పెంచుకుంది.

మిషన్‌ను పీకేద్దామన్నాను. ఆమే ఒప్పుకోలేదు. "ఉండనియ్యి. ఫోన్లెత్తి ఎత్తి చెవులు పోతున్నయి. కాని పైసలు పడ్డ గడికి, వంతిచ్చే గడికి నడుమల నన్నొక గడి చెయ్యి" అంది. చేశాను. ఇప్పుడు పైసలు పడగానే ముందు కబురు ఆమె ఫోన్‌కు పోతుంది. ఆమె కస్టమరుకు ఫోన్ చేస్తుంది, ఎవరెవరివి, ఎన్ని ఇళ్లు, ఏ బస్సుకు వస్తారు అని అడుగుతుంది, అప్పుడు నొక్కుతుంది. ఆ తర్వాతే వంతు. ఈ మధ్య ఎవరో కంప్యూటర్ చదివిన పిల్ల వచ్చి, ఈ గడి తీసేస్తే పని ఇంకా తొందరగా అవుతుందని సలహా ఇచ్చిందట. చెల్లె ఆ అమ్మాయికి మొత్తం కథ చెప్పి, ఒక బన్ను పెట్టి పంపింది.

నిరుడు క్రిస్మస్‌కు మా వాడకట్టులో ఆరు ఇళ్ల పైసలు నేనే పంపాను. పాత ఉద్యోగిని, నాకు తెలియని నియమమా అనుకున్నాను. నిమిషంలో ఫోన్ వచ్చింది.

"అన్నా, ఆరు ఇండ్లయి ఒక్కతాననే పంపితివి. పేర్లు చెప్పు."

"చెల్లె, నేను. గా గడి పెట్టిందే నేను."

"పెట్టింది నువ్వే. పేర్లు చెప్పు."

చెప్పాను. డాల్డా ఎవరిదో కూడా చెప్పాను, మాదే. చెప్పినట్టు మా ఆవిడకు తెలియకూడదు.

మా వంతు రోజు పోయేసరికి దుకాణం కిటకిటలాడుతోంది. చెల్లె కుర్చీలో కూర్చుని ఉంది, వీపు వెనక ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న మెత్త. నన్ను చూసి లేవలేదు. చెయ్యి మాత్రం ఊపింది. "బయట జనంల ఎందుకన్నా, లోపటికి రా. గీడ నిలవడు" అని భట్టి తలుపు పక్కన జాగ చూపించింది. పాత మనిషినని మర్యాద చేసిందని పొంగిపోయి లోపలికి వెళ్లి నిలబడ్డాను.

పది నిమిషాలకు మోకాళ్లు పట్టేశాయి. పావుగంటకు చొక్కా వీపుకు అతుక్కుంది. డిసెంబరు చలిలో చెమటేమిటని తల ఎత్తి చూశాను. ఫ్యాను ఫుల్లుగా తిరుగుతోంది. చెల్లె ముందరి కాగితాలు రెపరెపలాడుతున్నాయి. నా మీదికి ఒక్క గాలి తెర కూడా రావడం లేదు. అటు జరిగాను, ఇటు జరిగాను, లాభం లేదు.

"చెల్లె, గీడికి ఫ్యాను గాలి రాదా?" అని అడిగాను.

ఆమె ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"ఇరవై రెండేండ్లు రాలే అన్నా" అంది, తర్వాతి వంతు పిలిచింది.